మూడు వేళ్ళ చదువు

పోయిన నెల చెకప్‌కి వెళ్తే నర్సమ్మాయి నా వేలికి ఒక క్లిప్పు తగిలించింది. నేను కుర్చీలో సర్దుకునేలోపే స్క్రీన్ మీద అంకె వచ్చేసింది, క్లిప్పు తీసేసింది, నాడి చూడటం అయిపోయింది. కారులో కూర్చున్నాక కూడా నా మణికట్టు వైపే చూసుకుంటూ ఉండిపోయాను. నాడి చూడటమంటే అంత చిన్న పని కాదని, దానికోసం కళ్ళు మూసుకుని లోకాన్ని మర్చిపోయే మనుషులుంటారని నాకు తెలుసు. అలాంటివాళ్ళని ఇద్దరిని చూశాను. ఒకరు మా అత్తగారు, రెండోవారు ఈ పరదేశంలో, న్యూ లిన్ అనే పేటలో నేను పనిచేసిన చైనా వైద్యం క్లినిక్ డాక్టరమ్మ.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. స్టేషన్ పక్కనే మా ఫ్లాట్, దానికి రెండు వీధుల అవతల క్లినిక్. అక్కడ నేను రిసెప్షనిస్టుని. చేసింది బిజినెస్ డిప్లొమా. మందుల కోసం ఎండబెట్టిన వేర్లూ బెరళ్ళూ నిండిన సొరుగుల మీద ఇంగ్లీషు లేబుళ్ళు అతికించడానికి ఆ చదువు బాగానే సరిపోయింది. డాక్టరమ్మకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. పొట్టి మనిషి, పొదుపైన ఇంగ్లీషు, చేతిలో ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు. ఆ ఏడు చలికాలంలో అత్తగారు అమలాపురం నుంచి ఆరునెలలు ఉందామని వచ్చారు. వచ్చేసరికే కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. రోజూ నేనే జడ వేసేదాన్ని, ఆవిడ అద్దంలో నా మొహం చూడకుండా కూర్చునేవారు. రెండో వారానికే మా ఆయనతో అనేశారు: "టికెట్ ముందుకి జరిపించరా. కోడలి చేత జడ వేయించుకోడానికా నేనింత దూరం వచ్చింది?" మా క్లినిక్‌లో గుచ్చే సూదుల వైద్యం సంగతి నేనెత్తితే మాత్రం, వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

ఒక వానరోజు నేను అన్నం బాక్సు మర్చిపోతే క్లినిక్‌కి తెచ్చిపెట్టారు. గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల డాక్టరమ్మ ఎవరి మోకాలికో పొగ పెడుతున్నారు. ఎండిన ఆకుని దూదిలా దంచి, చుట్టలా చుట్టి, నిప్పంటించి, చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుంటారు. ఆ వేడికి లోపలి నొప్పి కరుగుతుందని వాళ్ళ వైద్యం. అత్తగారు ఆ వాసన పీల్చి, "మాచిపత్రి. చవితినాడు వినాయకుడికి మొదట వేసే పత్రి. ఎవరే ఇక్కడ కాలుస్తున్నది?" అన్నారు. ఆవిడ పూజకని మోసుకొచ్చిన ఎండుపత్రి అంతా, ఆకులూ అలములూ రానివ్వమని ఎయిర్‌పోర్టులో చెత్తడబ్బా పాలైంది, ఆ దిగులు ఇంకా తీరలేదు. డాక్టరమ్మ ఒక చుట్ట చేతికిస్తే నలిపి చూసి, "అదే. కాకపోతే దాని చెల్లెలు" అని తేల్చారు. పొగ చూడటానికి లోపలికెళ్ళిన మనిషి అలాగే బల్ల ఎక్కి పడుకున్నారు. సూదులు వెంట్రుకంత సన్నమని చూశాక భయం పోయినట్టుంది, ఒప్పుకోలేదు గానీ.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. సూదులు గుచ్చి పడుకోబెట్టినంతసేపూ డాక్టరమ్మ కబుర్లు, మధ్యలో నా తెలుగు. పూర్వం రాతిమొనలతో గుచ్చేవారట, తరవాత ఎముక సూదులు, ఆ తరవాత లోహపు సూదులు వచ్చాయట. విద్యార్థుల పరీక్షకి నిలువెత్తు కంచుమనిషిని పోతపోసి, ఒంటినిండా బెజ్జాలు పెట్టి, లోపల నీళ్ళు నింపి, పైన మైనం పూసేవారట. సూది సరైన చోట దిగితే నీళ్ళు కారాలి, లేకపోతే ఫెయిలు. అత్తగారు తన భుజం వైపు ఓరగా చూసుకుని, "నాకు చుక్క కూడా కారలేదు, ఆవిడ పరీక్ష తప్పారని చెప్పు" అన్నారు. చెప్పాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. సూదుల వల్లో, ఆవిడ నేర్పిన గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం వల్లో, ఆ నవ్వుల వల్లో నాకు తెలియదు. రెండు నెలలు తిరిగేసరికి ఒక పొద్దున్న అత్తగారు తన జడ తనే వేసుకుని గదిలోంచి వచ్చారు. జడ వంకరగా ఉంది. మేమెవరమూ ఆ మాట అనలేదు. టికెట్ మాట ఆవిడా ఎత్తలేదు.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ ఎప్పటిలాగే ఆవిడ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. అత్తగారు ఉన్నట్టుండి, "మా నాన్నగారూ ఇలాగే చూసేవారు. వాతం పాములా పాకుతుందనీ, పిత్తం కప్పలా గెంతుతుందనీ, కఫం హంసలా నడుస్తుందనీ చెప్పేవారు" అన్నారు. డాక్టరమ్మ కళ్ళు తెరిచారు. వాళ్ళ తాతగారు బిగించిన తీగలా ఉండే నాడి ఒకటి, పళ్ళెంలో ముత్యాలు దొర్లినట్టుండే నాడి ఒకటి అని నేర్పేవారట. "మీకూ నేర్పారా?" అని అడిగారు.

"అన్నయ్యకి నేర్పారు. నేను తలుపు పక్కన బియ్యం ఏరుకుంటూ విన్నాను" అన్నారు అత్తగారు.

ఈ సంగతి నాకు తెలియదు. ఆవిడ కొడుక్కీ తెలియదు. నేను ఇంగ్లీషులో చెప్పాక డాక్టరమ్మ, "మా తాతయ్యకి మనవడు లేడు. అందుకే నాకు నేర్పారు" అన్నారు. తరవాత స్వెట్టరు చెయ్యి పైకి మడిచి, తన మణికట్టుని చిన్న దిండు మీద పెట్టి, అత్తగారి ముందుకి జరిపారు. "చూడండి, సిస్టర్."

అత్తగారు నా వైపు చూశారు. కొంగుకి వేళ్ళు తుడుచుకున్నారు. మూడు వేళ్ళు ఆనించి తల కొంచెం వంచారు. బయట రిసెప్షన్‌లో ఫోను మోగుతోంది, నేను కదల్లేదు. చాలాసేపటికి అన్నారు: "ఈవిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. నిన్న కూడా సరిగ్గా తిన్నట్టు లేదు."

నేను చెప్పగానే డాక్టరమ్మ మొహం, హోంవర్క్ చెయ్యక టీచరుకి దొరికిపోయిన పిల్ల మొహంలా అయింది. "కరెక్ట్" అన్నారు. ఆ తరవాత లేచి నిలబడి, తన వృత్తిలో పెద్దవాళ్ళకి చేసినట్టు రెండు చేతులూ కలిపి వంగారు. అత్తగారు కంగారుపడి లేచి దణ్ణం పెట్టారు. మర్నాడు స్టీలు డబ్బాలో ఎనిమిది ఇడ్లీలు నా చేత పంపుతూ, "తిన్నాక మళ్ళీ నాడి చూడాలని చెప్పు" అన్నారు, అచ్చం డాక్టరు గొంతుతో.

ఆవిడ నాడి చూసిన రోజు, ఇంటికి నడుస్తూ అడిగాను, ఇన్నేళ్ళూ ఎందుకు దాచుకున్నారని. "దాచుకోలేదే. చూడమని ఎవరూ చెయ్యి ఇవ్వలేదు" అని చకచకా ముందుకి నడిచారు. బియ్యం ఏరుకుంటూ విన్న ఆ రోజులకీ ఇప్పటికీ మధ్య అరవై ఏళ్ళు. అరవై ఏళ్ళంటే చాలా పొడుగాటి కాలమని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆవిడ మాత్రం, నిన్న సగంలో వదిలిన పనిని ఇవాళ అందుకున్న మనిషిలాగే ఉన్నారు.