నుదుటి దగ్గర ఆగే చెయ్యి

అమ్మ చనిపోయిన ఏడాది మా ఇంట్లో దసరా బొమ్మలు పెట్టలేదు. మరుసటి ఏడు, నేను కాలేజీలో పీయూసీ చదువుతుండగా, నాన్న ఒక కొత్త బొమ్మ చేశాడు.

నాన్నకు చిక్కపేటలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. పాత టేబుల్ ఫ్యాను తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పే గేరును మోటారుతో సహా ఊడదీసి ఒక చెక్కపెట్టెలో బిగించాడు. పైన జానెడు బొమ్మ, కూర్చుని పూలు కడుతున్న ఆడమనిషి. కళ్ళూ ముక్కూ చెక్కలేదు. ఒక చెయ్యి మాత్రం ఒడిలోంచి లేచి, నుదుటి దాకా వెళ్ళి, మళ్ళీ ఒడిలోకి దిగేది. పూలు కట్టేటప్పుడు వేళ్ళు తడిగా ఉంటాయని అమ్మ మణికట్టుతోనే జుట్టు వెనక్కి తోసుకునేది.

మొదట్లో అది ఉత్త చెక్క. గాలికి కొట్టుకునే తలుపులా కదిలేది. నాన్న పెట్టెలోపల చేతిని ఎత్తి దించే ఇనుప బిళ్ళను రోజూ కొంచెం కొంచెం ఆకురాయితో అరగదీసేవాడు. ఒక సాయంత్రం ఆ చెయ్యి నుదుటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, దిగింది. నేను పుస్తకం మూసేశాను. బియ్యం ఏరుతున్న అవ్వ, నాన్న తల్లి, చేట పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"దీనికి మొగం పెట్టొద్దప్పా," అంది. "ఇట్లుంటేనే చూడలేకుండా ఉండాను."

పేరంటానికి వచ్చినవాళ్ళు కొలువు మెట్ల మీది రాజారాణి బొమ్మల వైపు చూడనేలేదు. ఒకామె అలవాటుగా ఈ బొమ్మకు కుంకుమ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

విజయదశమి సాయంత్రం హారతి ఇచ్చాక, కొలువు ముగిసినట్టు బొమ్మలను పండుకోబెట్టాలి. ఆ పని ఎప్పుడూ అమ్మదే. ఈసారి అవ్వ చేసింది. మర్నాడు అన్నిటినీ పాత గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దాం. నాన్న చేసిన బొమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని ఆయన ఆపనివ్వలేదు. అంగడి నుంచి వచ్చి దాని ముందే అన్నం తినేవాడు. కరెంటు పోతే చెయ్యి మధ్యలో నిలిచిపోయేది. ఆయనా ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు.

నా భయం వేరే. డైరీలో అమ్మ గురించి రాయబోతే ఆ చెక్క చెయ్యే కనిపించేది. అమ్మ నడక, నవ్వు, నన్ను కసిరేటప్పుడు తల తిప్పే తీరు, ఏవీ రావడం లేదు. బొమ్మ అమ్మను కొద్దికొద్దిగా తీసేసుకుంటోంది. నోటితో చెప్పే ధైర్యం లేక, అదే రాసి, ఆ పేజీ తెరిచి నాన్న నీళ్ళచెంబు పక్కన పెట్టాను.

ఆయన అది చదివాడు. మరుసటి సాయంత్రం చెయ్యి నుదుటి దగ్గరికి వచ్చేదాకా చూసి, స్విచ్చి ఆపి, స్క్రూడ్రైవర్ నాకు ఇచ్చాడు.

"నువ్వే పండుకోబెట్టు పాపా. నా చేత కాదు."

మరలు విప్పాను. చేతిని కింది నుంచి కదిపే కమ్మీని విడదీసి, బొమ్మను తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టాను. పట్టు తప్పిన చెయ్యి మెల్లగా వాలి, కళ్ళు ఉండాల్సిన చోట అడ్డంగా ఆగింది.

అమ్మ మధ్యాహ్నాలు అలాగే పడుకునేది, వెలుతురు తగలకుండా. ఎన్నో నెలలుగా నాకది గుర్తే రాలేదు. నాన్న ఆ కదలికను అందులో పెట్టనూ లేదు.

ఆయన లేచి వెళ్ళి, చప్పుడు కాకుండా కిటికీ రెక్క మూశాడు.