కంప్యూటర్‌కి గోదావరి పేరు

చుట్టూ ఉన్నవాళ్లందరూ మోకాళ్ల మీద నిలబడి ఒకటి కోరుకుంటుంటే, మధ్యలో కూర్చుని దేవుణ్ణి సరిగ్గా దానికి వ్యతిరేకం అడిగిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి. నేనే. పేరు కరుణ. అంత దుస్థితికి నన్ను తెచ్చింది శత్రువులు కాదు, నా నోరే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గురుగ్రామ్‌లో ఓ కంపెనీలో టెస్టర్‌గా చేరి ఐదు నెలలైంది. మా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తుంది. అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అందరికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములకు పనులు అప్పజెప్పే పెద్దమనిషన్నమాట. ఏడాదికో కొత్త వెర్షన్ వస్తుంది. దానికి ఒక నది పేరు పెడతారు. ఆ పేరు లాంచ్ రోజున తెర తీసేదాకా పైనున్న నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తెలియకూడదు. మేమంతా ఆఫీసు రహస్యాలు బయట చెప్పబోమని చేరేటప్పుడే సంతకాలు పెట్టాం. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు, ఆ కాగితం నెలాఖరుకు రావాలి. మా ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఆ కాగితం కోసం నాకంటే మా అమ్మ ఎక్కువగా ఎదురుచూస్తోంది.

ఇంతకీ పేరు నాకెవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. ఒక ఏడాది ఉత్తరాది నది, ఒక ఏడాది దక్షిణాది నది అని వంతులున్నాయి. ఈసారి మన వంతు. కృష్ణ, కావేరి అయిపోయాయి. టెస్టింగ్‌కి వచ్చిన వెర్షన్‌లో తెర మీద బొమ్మ చూస్తే పొడవాటి వంతెన, కింద పడవలు. ఇవన్నీ ఒక ఎత్తు. కోడిగుడ్డు వాసనకే కుర్చీ మార్చుకునే మార్కెటింగ్ గుప్తా ఒకరోజు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "కరుణా, మీ వైపు వరదలప్పుడు మాత్రమే దొరికే ఖరీదైన చేప ఏదో ఉందట కదా, దాని పేరేంటి?" అని అడిగాడు. పులస గురించి గుప్తా ఎందుకు అడుగుతాడండీ? శాకాహారికి అంత ఆరాటం ఊరికే పుడుతుందా? నేను పుట్టింది రాజమండ్రిలో. నా గుండె గంతులేసింది.

ఇంతవరకూ నా తెలివిని మెచ్చుకోవచ్చు. ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

నేనుండేది ఢిల్లీ మునిర్కాలో, రత్నకుమారి ఆంటీ వాళ్ల మేడ మీద గదిలో. ఆంటీ పెద్దాసుపత్రిలో నర్సు. ఊరు కొవ్వూరు. ఢిల్లీ వచ్చి పాతికేళ్లయినా ఆవిడ దృష్టిలో యమున నది కాదు, మురుగు కాలవ. ఆ సాయంత్రం నేను మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి ఆంటీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను పక్కన చతికిలబడ్డాను.

"ఆంటీ, మా కొత్త వెర్షన్‌కి ఏ పేరు పెడుతున్నారో తెలుసా? గోదావరి!"

"మన గోదారే?" చిక్కుడుకాయ చేతిలోంచి జారిపోయింది. "ఖాయమేనా?"

'అని నా ఊహ' అనాలి. మూడు మాటలు. అవి అంటే నా గొప్ప ఏముంటుంది? అందుకని తల ఎగరేసి, "ఖాయం. కానీ ఎవరికీ చెప్పకండేం" అన్నాను.

"ఛ, నేనెందుకు చెప్తానే?" అంది ఆంటీ. పాపం, ఆవిడ నిజంగానే ఎవరికీ విడిగా చెప్పలేదు. అందరికీ ఒకేసారి చెప్పింది.

మా తెలుగు చర్చి ఒక అద్దె హాల్లో జరుగుతుంది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేళ్లను ఎవరికి వారు లేచి నలుగురితో పంచుకోవాలి. ఒకాయన మోకాళ్ల నొప్పి తగ్గిందన్నాడు. ఒకావిడ కూతురికి సీటు వచ్చిందంది. తర్వాత ఆంటీ లేచి మైకు అందుకుంది.

"అందరికీ వందనాలు. మా ఇంట్లో ఉంటున్న కరుణ ద్వారా దేవుడు గొప్ప కార్యం చేశాడు. దేశమంతా వాడే కంప్యూటర్‌కి మన గోదావరి పేరు పెట్టించింది!"

పెట్టించింది! హాల్లో ముప్పాతిక మంది ఉభయ గోదావరి జిల్లాల వాళ్లే. చప్పట్లతో హాలు హోరెత్తింది. పాస్టర్ గారు ముఖమంతా నవ్వుతో, "అమ్మాయ్ కరుణా, ముందుకు రా తల్లీ, నీ నోటితో నువ్వే చెప్పు" అన్నారు.

నడిచి వెళ్లే ఆ ఇరవై అడుగుల్లో నిజం చెప్పాలనే అనుకున్నాను, నమ్మండి. కానీ మైకు చేతికొచ్చేసరికి ముందు వరుసలో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంటోంది. నాకు తెలియకుండానే నా నోరు తెరుచుకుంది. "ఇందులో నాది చిన్న పాత్రేనండీ. మన గోదావరి, మన వంతెన, మన పులస..." అంటూ ఐదు నిమిషాలు దంచాను. ఆరాధనంతా ప్రతివారం చర్చి పేజీలో వీడియోగా వెళ్తుందన్న సంగతి, దిగి వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున్నే మా మేనేజర్ మల్హోత్రా సార్ కేబిన్‌లోకి పిలిచారు. చర్చి వీడియో ఎవరో పంపినట్టున్నారు, ఆయన ఫోన్లో నేనున్నాను. చేతులు ఊపుతున్నాను.

"నాకు తెలుగు రాదు కరుణా. కానీ గోదావరి అన్న మాట పదకొండుసార్లు వినిపించింది. యే క్యా హై?"

"ఊహ సార్. నా ఊహ మాత్రమే."

"ఊహని మైకులో చెప్తారా?"

వంతులు, వంతెన, చేప అన్నీ వరసగా చెప్పాను. చేప దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని, "గుప్తా..." అని గొణిగారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "చూడు, నేను దీన్ని పైకి చెప్పక తప్పదు. వచ్చే శుక్రవారం లాంచ్. పేరు గోదావరే అయితే అది లీక్. నీ సంగతి హెచ్ఆర్ వాళ్లు చూసుకుంటారు. వేరే పేరైతే ఎవరో అమ్మాయి చర్చిలో వాళ్ల ఊరి నది గురించి మాట్లాడింది, అంతే. ఠీక్ హై?"

ఠీక్ ఎక్కడుంది, నా మొహం! గోదావరి అయితే ఉద్యోగం పోతుంది. కాకపోతే చర్చిలో నిలబడి అబద్ధమాడిన దాన్నవుతాను. రెండింట్లో ఏది నయమో ఆలోచించాను. చర్చిలో క్షమిస్తారు. హెచ్ఆర్‌లో క్షమించరు.

ఇంటికెళ్లేసరికి ఆంటీ ఇంకో మేలు తలపెట్టింది. "లాంచ్ ఏ ఆటంకం లేకుండా జరగాలని గురువారం మనింట్లో ఉపవాస ప్రార్థన పెట్టాను. ఏడుగురం పొద్దుట్నించి పచ్చి మంచినీళ్లు ముట్టం."

"ఎందుకాంటీ ఇంత కష్టం?"

"ఊరుకోవే. నీ కోసం కాదు, గోదారి కోసం."

గురువారం సాయంత్రం ఏడుగురు ఆంటీలూ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆ పేరు స్థిరపరచు తండ్రీ" అని వేడుకుంటున్నారు. వాళ్ల మధ్య నేను పెదవులు కదలకుండా, "ప్రభువా, ఏ నదైనా పరవాలేదు. యమునైనా సరే" అని బతిమాలుకున్నాను. ఏడుగురి మీద ఒక్కదాన్ని. గెలుస్తానన్న ఆశ లేదు.

శుక్రవారం ఆఫీసులో అందరం పెద్ద హాల్లో చేరాం. తెర తొలగింది. తుంగభద్ర!

నేను కుర్చీలోంచి ఎగిరి చప్పట్లు కొట్టాను. పక్కనున్న అమ్మాయి, "మీది తుంగభద్ర ఒడ్డా?" అని అడిగింది. ఈరోజు నుంచి అదే అన్నాను.

మధ్యాహ్నం మల్హోత్రా సార్ పిలిచి ఉద్యోగం ఖాయమైన కాగితం చేతిలో పెట్టారు. నేను కళ్లకద్దుకుని లేవబోతుంటే, "కూర్చో" అన్నారు. తలుపు వేసి వచ్చారు.

"పేరు గోదావరే కరుణా."

నేను కాగితాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"పోస్టర్లతో సహా అన్నీ సిద్ధం. లాంచ్‌కి ముందు బయటపడ్డ పేరు వాడకూడదని ఇక్కడ నియమం. నీ వీడియో చూశాక పైవాళ్లు మార్చేశారు. ఇప్పుడు లీకయ్యిందని చెప్పడానికి ఆ పేరే లేదు, కాబట్టి నువ్వు బతికిపోయావు. గుప్తాకి మాత్రం నెల రోజులు కనబడకు."

"పోనీ, మళ్లీ దక్షిణాది వంతు వచ్చినప్పుడు పెడతారా సార్?" అన్నాను ఆశగా.

"ఒకసారి తీసేసిన పేరు మళ్లీ ఎప్పుడూ వాడరు."

నాకు ఏడుపొచ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, నిజమైనదే. ఉద్యోగం దక్కినందుకు కొంత, మా నదికి దక్కాల్సింది నా చేతులారా పోగొట్టినందుకు కొంత.

ఇంటికెళ్లి, "తుంగభద్ర అని పెట్టారాంటీ" అని చెప్పాను. మిగతాది చెప్పే ధైర్యం లేక, "నేను పొరబడ్డాను, క్షమించండి" అన్నాను. ఆంటీ నా తల నిమిరి, "నీ తప్పేముందిలేవే, మన ప్రార్థన చాలలేదు. ఆ పేరు వచ్చేదాకా ఏడాదికోసారి ఉపవాసం ఉందాం, ఎన్నేళ్లయినా సరే" అంది. మిగతా ఆరుగురూ సరేనన్నారు.

అందుకని పాఠకులారా, మీ ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. రాబోయే ఏ వెర్షన్ పేరునూ ఇక జన్మలో ఊహించను. ఊహ తనంతట తానే వచ్చి తలుపు కొట్టినా, ఇంట్లో ఎవరూ లేరని చెప్పిస్తాను. ఉపవాసం మాత్రం మానను. ఐదేళ్లయింది. ఎప్పటికీ రాని పేరు కోసం ఏడుగురు పెద్దవాళ్లు నా మూలంగా పస్తులుంటే, నేనొక్కదాన్నే అన్నం ఎలా తినను చెప్పండి!