మోతి మెడకు కట్టిన పట్టీ

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మాటల కోసం వెతుక్కునే మనిషిని కాను. డిగ్రీ చదివాను. వనపర్తిలో మా వీధిలో నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. అయినా ఈ ఒక్కటి బయటికి రాలేదు. మీకు చెబుతున్నాను. కుక్క గురించి ఇంత రాద్ధాంతమా అనకండి, చివరిదాకా వినండి.

మోతిని కల్వకుర్తి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేను. పాలు పట్టింది నేను, సూదులు వేయించింది నేను. అది మాత్రం మా తోడికోడలు సుజాత జొన్నరొట్టె తట్టే చప్పుడు వినబడితే చాలు, నేను పెట్టిన అన్నం వదిలేసి ఉరికేది. గోడ అవతలే వాళ్ల ఇల్లు, వాకిలి ఇద్దరిదీ ఒకటే. ఆమె ఒక ముక్క తుంచి వేసేది, తల నిమిరేది. అంతే. ఆ కాస్తనే నేను ఓర్వలేకపోయాను. అత్తమ్మ ఏం కావాలన్నా ఆమెనే పిలిచేది. నా పిల్లలు బడి ముచ్చట్లన్నీ ఆమెకే చెప్పేవాళ్లు. సరే, మనుషులను తనవైపు తిప్పుకుంది అనుకున్నాను. కుక్క కూడానా?

ఫోన్‌లో చూసి, కరెంటు షాకిచ్చే మెడపట్టీ తెప్పించాను. ఇంట్లోవాళ్లు మామూలు పట్టీ అనుకున్నారు. రిమోట్ నా కొంగు చాటున ఉండేది. మోతి సుజాత గడప దగ్గరికి చేరగానే నొక్కేదాన్ని. కుయ్యిమని ఎగిరి పడేది. మొదటిరోజు నాకూ ఒళ్లు జలదరించింది. రెండోరోజు జలదరించలేదు. పరాయి ఇంటికి పోయే అలవాటు మాన్పిస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అదేనా? మరి అది నా చెప్పులు కొరికినప్పుడు ఒక్కసారీ ఎందుకు నొక్కలేదు?

పట్టీ సంగతి దానికేం తెలుసు? రొట్టె చప్పుడైతే నొప్పి వస్తుందని నేర్చుకుంది. పది రోజులకు, నేను రొట్టె తట్టినా మంచం కింద దూరి వణికేది.

ఒక పొద్దున సుజాత రొట్టె ముక్కతో వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపింది. మోతి గుర్రుమని ఆ చేతిని కరిచింది. సుజాత తన చేతినే చూసుకుంటూ నిలబడింది.

"అక్కా, నేనేం జేసిన దీన్ని? దినాం రొట్టె వెడుతున్న గద!"

రిమోట్ నా కొంగులోనే ఉంది.

"కుక్కలకు తెలుస్తది సుజాతా, ఎవరి చెయ్యి ఎసొంటిదో. ఊకెనే కరుస్తదా?"

"గట్లంటవేందక్కా..."

"ఉన్న మాటే అంటున్న. ముందు దవాఖానకు నడువు."

బటన్ కంటే ఆ మాటే పెద్ద తప్పు. ఆ సాయంత్రమే పట్టీని చెత్తబండిలో వేశాను. మోతిని ఉప్పునుంతలలో మా తమ్ముడి చేను కాడికి పంపేశారు, అక్కడే చచ్చిపోయింది. సుజాత చెయ్యి మంచిది కాదన్న మాట మాత్రం వీధంతా తిరిగింది. తిప్పింది నేనే.

పోయిన నెల మా ఆడబిడ్డ మనవణ్ణి తొట్టెలలో వేశాం. బిడ్డను ఎత్తుకొమ్మంటే సుజాత రెండు చేతులూ కొంగులో దాచుకుని వెనక్కి జరిగింది. నా చెయ్యి మంచిది గాదమ్మా, అని నవ్వింది. తమాషా అనుకుని అందరూ నవ్వారు. కుంకుమ పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్నాను. అన్ని వాదాలూ గెలిచిన ఈ నోరు తెరుచుకోలేదు.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే తిడుతుందని కాదు నా భయం. క్షమిస్తుందేమోనని. అప్పుడు కూడా ఆమే మంచిదైపోతుంది. చూశారా, ఇంకా ఓర్వలేకపోతున్నాను.

గోడ అవతల రొట్టె తడుతోంది. ఆ చేతిలో ఏ లోపమూ లేదు. పట్టీ కట్టింది నేను, నొక్కింది నేను. ఇన్నేళ్లలో ఈ మాట ఎక్కడా లేదు. ఇప్పుడు ఈ కాగితం మీదైనా ఉంది.