అట్టపెట్టెల చలిమంట

ఆసుపత్రిలో ఆ వార్డు ఆయాను అందరూ అట్టపెట్టెల అక్క అంటారు. మందుల పెట్టె ఖాళీ అయితే చాలు, చంకన పెట్టుకుపోతుంది. పారేయడానికి చేతులు రావు ఆమెకు. ఆ వార్డులో ఒక ముసలాయన తుంటి ఆపరేషనై మూడు వారాలైనా మంచం దిగలేదు. ఇలాగే పడుకుంటే ఇక నడవలేడని డాక్టరు తేల్చేశాడు. అక్క బతిమాలినా బెదిరించినా ఆయనది ఒకటే పాట: "చలేస్తోంది." దాంతో అక్క పెట్టెలన్నీ మైదా జిగురుతో అంటించి, స్పాంజితో ఇటుకల్లా రంగు అద్ది, ఎర్ర కాగితం వెనక బ్యాటరీ దీపాలు పెట్టి, ఎదుటి గోడకు, సినిమాల్లో దొరల బంగళాల్లో కనిపించేలాంటి చలిమంట గూడొకటి నిలబెట్టింది.

పొద్దున్నే పెద్ద నర్సు వచ్చి, "ఇదేమన్నా నాటకాల కంపెనీయా? తీసెయ్," అంది. అక్క వంగి గూడు అంచు పట్టుకుంది. వెనక మంచం కిర్రుమంది. ముసలాయన వాకరు పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ఆ దీపాల ముందు చెయ్యి చాపాడు.

"సెగ తగలట్లేదే, అమ్మాయ్."

"పచ్చి కట్టెలు బాబాయ్. అంటుకోవడానికి టైం పడుతుంది."

ఆయన బోసినోటితో నవ్వాడు. పెద్ద నర్సు ఆయన కాళ్లవంక చూసి, "రేపు దీన్ని తలుపు దగ్గరికి జరుపు. ఇంకో పదడుగులు నడుస్తాడు," అంది. అక్క అప్పుడే తలుపు దాకా అడుగులు కొలవడం మొదలుపెట్టింది.