మైపాడులో ఎర్రబడ్డ వరి ఆకు

మా అమ్మాయి రూతు మొక్కల మీద పరిశోధన చేస్తుంది. ఏం పరిశోధనని ఊళ్లో ఎవరడిగినా "వరి మీద ఏదో పెద్ద చదువులే" అని తప్పించుకునేవాణ్ణి. పోయిన వారం తనే ఫోన్ చేసి, "నాన్నా, గురువారం మా పెద్ద మేడం వస్తున్నారు. కుండీలు చూసి, ఈ పని ఇంకో ఏడాది సాగించాలో ఆపెయ్యాలో చెప్పేస్తారు. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అంది. ఇంక నా కాలు ఇంట్లో నిలుస్తుందా! మైపాడు పోవాలనుకునే వాళ్లకు దారి కూడా తెలుస్తుందని ఆ రోజు సంగతంతా రాస్తున్నాను.

దొరవారిసత్రంలో తెల్లారగానే బస్సెక్కితే నాయుడుపేట మీదుగా రెండు గంటల్లో నెల్లూరు చేరతారు. టికెట్టు వందకు కాస్త అటూ ఇటూ. నెల్లూరులో కారం దోసె తిని మైపాడు బస్సెక్కాను, గంటకల్లా సముద్రపు గాలి మొహానికి కొట్టింది. బస్సు అందకపోతే షేర్ ఆటోలుంటాయి, దిగులు వద్దు. దారి పొడుగునా రొయ్యల గుంటలు, మధ్య మధ్య వరి. బోర్లలోకి ఉప్పునీళ్లు దిగి కొన్ని మళ్లు బీడు పడిపోయాయి. రైతు కళ్లకు అది కష్టంగానే ఉంటుంది.

రూతు ఒడ్డునే ఉంది. తర్వాతి కుండీలకు సముద్రపు నీళ్లు కావాలంది. నేనూ పంచె ఎగ్గట్టి ఒక క్యాను నింపుతుంటే, వల బాగుచేసుకునే ఒకాయన కేకేసినాడు.

"ఏంది పెద్దాయనా, సముద్రాన్ని పట్టుకపోతుండావే! మాకు కొంచెం మిగిలించు."

"వరికి పోస్తామన్నా."

"వరికా! ఇంక మీ ఇంట్లో కూరలోకి ఉప్పు కొనే పనే లేదులే!"

నవ్వుకుంటూ ఆటో ఎక్కాం. దారిలో రూతు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఆకు చేయాల్సిన పనులన్నీ జీన్లలో రాసి ఉంటాయంట. అందులోంచి ఒక పని కావాల్సినప్పుడు నకలు తీసిన చీటీ లాంటిదే ఆర్ఎన్ఏ. ఆ చీటీ చదివితేనే పని జరుగుతుంది. కొన్ని చీటీలు మడతపడి ఉంటాయి. సరైన వస్తువు వచ్చి తగిలితే గానీ విప్పుకోవు. మొక్కకు ఇది పుట్టుకతోనే తెలుసు. ఆకులో ఒక విటమిన్ చాలినంత ఉంటే, దాని తయారీ చీటీయే పసిగట్టి పని తగ్గించేస్తుందంట! మా పిల్ల అలాంటి మడత చీటీ ఒకటి తయారుచేసి వరిలో పెట్టింది. వేళ్లకు ఉప్పు తగిలినప్పుడు మొక్కలో వేరే చీటీలు పుడతాయి. వాటిలో ఒకటి వచ్చి అతుక్కుంటే ఈ మడత విప్పుకుని ఆకులో ఎర్ర రంగు తయారవుతుంది. పైరు వాడిపోకముందే రైతుకు తెలిసిపోతుంది.

ముందు సీట్లోంచి డ్రైవరు తల తిప్పాడు. "అంటే అక్కా, ఆకే మనకు మెసేజ్ పెడతాదన్నమాట!"

"అంతే అన్నా. నువ్వు ముందు రోడ్డు చూడు" అంది రూతు.

మైపాడు ఊరి చివర వాళ్ల పరిశోధన కేంద్రం. మొక్కలు సన్నటి వల కట్టిన గదిలో ఉన్నాయి. చెప్పులు మార్చి, చేతులు కడిగి లోపలికి పంపారు. మూడు వరసల కుండీలు, అబ్బబ్బ, ఏం పచ్చదనం! నలభై ఏళ్లు వరి పండించిన వాణ్ణి, ఆగలేకపోయాను. "భలే ఉందమ్మా పైరు! ఒక్క ఆకైనా ఎర్రబడలేదు!" అని చప్పట్లు కొట్టాను. రూతు మొహం వాడిపోయింది.

"ఈ వరస ఎర్రబడాలి నాన్నా. నిన్న పొద్దున్నే ఉప్పునీళ్లు పోశాను."

మధ్యాహ్నం మెస్సులో చేపల పులుసు ఘుమఘుమలాడుతున్నా రూతు ముద్ద ముట్టలేదు. వడ్డించే అక్క ఊరుకోలేదు. "ఏం పాపా, పులుసు మీద అలిగినావా? మూడు మాట్లు నూరిన మసాలా తల్లీ ఇది!" అంది. ఆమె కోసం రెండు ముద్దలు తిని లేచింది. నేను మనసులో ప్రార్థన చేసుకుంటూ వెనకాలే నడిచాను.

లోపలికి పోగానే రూతు నేలమీద కూర్చుని ఉప్పు వరసలో ఆకుల మొదళ్లు వేళ్లతో విడదీసింది. ఉన్నట్టుండి "నాన్నా!" అని అరిచింది. ఆకు మొదలు దగ్గర గోరింటాకు పండినట్టు సన్నటి ఎర్ర చార! ఒక కుండీలో కాదు, ఆ వరసంతా! మేడం వచ్చేసరికి అది ఆకు మధ్య దాకా పాకింది.

మేడం కళ్లజోడు సర్దుకుని, "ఎండకు ఎర్రబడలేదని నేనెట్లా నమ్మాలి?" అన్నారు.

రూతు తొణకలేదు. "ఈ రెండో వరసలోనూ అదే చీటీ ఉంది మేడం, మంచినీళ్లు పోశాం, పచ్చగానే ఉంది. మూడో వరసకు ఉప్పునీళ్లే, కానీ దాని చీటీ విప్పుకోకుండా చేశాం. అదీ పచ్చగానే ఉంది. ఎండ మూడింటికీ ఒకటే."

మేడం మూడు వరసలూ రెండుసార్లు తిరిగి చూశారు. "ఇంకో ఏడాది చెయ్యమ్మా" అన్నారు. స్తోత్రం! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి.

నా బతుకంతా మడిలో ఎర్రటి ఆకు కనబడితే తెగులేనని మందు కొట్టే పంపు వెతుక్కునేవాణ్ణి. అదే ఆకును ఆ రోజు దణ్ణం పెట్టి చూశాను. మొక్క నోరులేనిది అనుకుంటాం గానీ, లోపల ఎన్ని కబుర్లు నడుస్తున్నాయో! మీరు పోయేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అలాంటి గదులు చూడాలంటే ముందే అడిగి అనుమతి తీసుకోండి, గడ్డిపోచ కూడా బయటికి తేనివ్వరు. నాకూ ఫోటో ఒక్కటే దక్కింది. తిరుగు బస్సులో పక్క సీటు రైతు దాన్ని చూసి, "అయ్యో, తెగులు పట్టినట్టుండాదే అన్నా!" అని జాలిపడ్డాడు.

"తెగులు కాదబ్బా," అన్నాను బస్సంతా వినబడేట్టు, "నా బిడ్డ గెలిచింది!"