చెప్పినదానికన్నా ఎక్కువ విన్న ఊరు

1986 ఎండాకాలంలో నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. హోదా మూల్యాంకన అధికారి. పైన ఒక డిప్యూటీ డైరెక్టరు, కింద ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు, మధ్యలో నేనూ ఒక ఫ్యానూ. ఫ్యాను నాకంటే సీనియరు కాబట్టి ఇష్టమున్నప్పుడే తిరిగేది. నాకా వెసులుబాటు లేదు, ఏడాది పొడుగునా తిరగాల్సిందే.

ఈ మూల్యాంకనం ఏం కొలువని లక్సెట్టిపేటలో మా బాపు చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. "పెండ్లి అయిపోయినంక పోయి, పప్పుల ఉప్పు సరిపోయిందా అని అడిగి రాసుకునుడు బాపూ" అని చెప్పాను. "గందుకు కూడ జీతమిస్తరా?" అన్నాడాయన, నన్నూ సర్కారునూ కలిపి అనుమానిస్తూ. ఉద్యోగంలో నేనెదుర్కొన్న అనుమానాల్లో అది మొదటిది, కొంత న్యాయమైనది కూడా.

కరీంనగర్‌లో నాకిచ్చిన మొదటి పని తాగునీటి సమాచార పథకం. మా వైపు కొన్ని ఊళ్ళలో భూమిలోని రాతి నుంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. మోతాదు మించిన నీళ్ళు తాగితే ఎదిగే పిల్లల పళ్ళకు పసుప్పచ్చ గార కడుతుంది, ఏళ్ళు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ నీళ్ళకు రుచిలో తేడా ఉండదు, కాచినా ప్రయోజనం లేదు. అందుకని పథకం వాళ్ళు నీళ్ళు పరీక్షించి, చెడ్డవని తేలిన చేతిపంపుకు ఎర్రరంగు వేసి, గద్దె మీద అక్షరాలు రాసి, ఊళ్ళో చాటింపు వేయించాలి. చెప్పాల్సిన మాటలో రెండు సగాలున్నాయి. ఈ నీళ్ళు తాగవద్దు, వండవద్దు అనేది మొదటిది. బోళ్ళు తోముకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు అనేది రెండోది.

ఇదంతా అయ్యాక నేను వెళ్ళి జనం నిజంగా అలవాటు మార్చుకున్నారా, మార్చుకుంటే అది మనం చెప్పినందువల్లేనా అని తేల్చాలి. చేతిపంపును మా ఊళ్ళలో బోరింగు అంటారు. ఇంగ్లీషు తెలిసిన మిత్రులు నా పనికి కూడా అదే పేరు పెట్టారు. నేనూ కాదనలేదు.

అయితే ఆ పనికి ఒక పదును ఉండేది. జనం తమంతట తామే మంచి నీటి వైపు మళ్ళారని నేను రాస్తే, ఆ వాడకు కొత్త బోరు వేయాలన్న ప్రతిపాదన రద్దవుతుంది. సమస్య తీరిపోయిన చోట ఖర్చెందుకని నిబంధన. అంటే నేను 'అవును' అని రాసిన చోటల్లా ఒక బోరు పూడుకుపోయినట్టే.

వేములవాడ పోయే దారిలోంచి లోపలికి తిరిగితే ఒక ఊరు. పేరు రాయను. ఊరికి ఒక చివర మెథడిస్టు చర్చి, దాని చుట్టూ కూలి చేసుకునే కుటుంబాల మిషన్ వాడ. ఆ వాడకు ఉన్నది ఒకే బోరింగు, దానికే ఎర్రరంగు పడింది. కాస్త దూరంలో చేనులో సర్పంచి బావి ఉంది. అందులో నీళ్ళు మంచివని పరీక్షలో తేలింది.

సర్పంచి నాకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, ఆ ఊపులోనే నా మూల్యాంకనం కూడా చేసిపెట్టాడు. "నూటికి నూరు రాసుకో సారూ. ఒక్క పిట్ట గా ఎర్ర బోరింగు దిక్కు సూస్తలేదు. అందరు నా బాయికే వస్తున్నరు. సర్కారు మాటంటె మావోళ్ళకు గంత పావురం."

పావురం అంటే మా వైపు ప్రేమ. సర్కారు మీద ఆ పావురం అంతసేపు వాలి ఉండగా నేనెన్నడూ చూడలేదు. అనుమానం అక్కడే మొదలైంది.

వాడలో ఇల్లిల్లూ తిరిగాం. మా ప్రశ్నలు మూడు మెట్లుగా ఉంటాయి. తెలుసా, నమ్ముతున్నారా, మానేశారా? అన్ని ఇళ్ళలోనూ ఒకటే జవాబు: "సర్కారోళ్ళు వద్దన్నరు, బంద్ వెట్టినం." అవే మాటలు, అదే వరుస. ఏ రెండిళ్ళలోనూ చారు రుచి ఒకలా ఉండదు, జవాబెలా ఉంటుంది? పైగా సర్పంచి నా భుజం పక్కనే నిలబడి, ప్రతి జవాబుకూ ముందుగానే తలూపుతున్నాడు.

మా వృత్తిలో చెవితో అడిగినదాన్ని కంటితో కూడా అడగాలంటారు. బోరింగు దగ్గరికి వెళ్ళాను. గద్దె ఎండిపోయి ఉంది. నీళ్ళు పోయే కాలువ నెర్రెలు విచ్చింది. పంపు మూతిలో సాలెపురుగు కాపురం పెట్టింది. అక్షరాలు మాత్రం ఎక్కడా లేవు, ఉన్నదంతా ఎర్రరంగే. సర్పంచి గర్వంగా "సూసినవా?" అన్నాడు. చూశాను.

కరీంనగర్ బస్సులో కూర్చున్నాక ఆ ఎండిన కాలువే కళ్ళ ముందు ఆడింది. మనం వద్దన్నది తాగడం, వండడం. కడుక్కోవచ్చని మనమే చెప్పాం. మండుటెండలో అంత దూరం నుంచి బిందెలు మోసేవాళ్ళు వాకిట్లో ఉన్న బోరింగు దగ్గర ఒక గిన్నె కూడా తోముకోరా? కాళ్ళు కడుక్కోరా? చెప్పినదాంట్లో సగం వినే ఊళ్ళు నాకు తెలుసు. మా ఇంట్లో నేనూ ఆ కోవలోవాడినే. చెప్పినదానికన్నా ఎక్కువ వినే ఊరిని మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఆ వారంలోనే, సర్పంచికి కబురు పెట్టకుండా, ఒక్కడినే మళ్ళీ వెళ్ళాను. బోరింగు ఎదుట రాయి మీద కూర్చుని ఎవరైనా వస్తారా అని చూశాను. రావడం అటుంచి, తెరిచి ఉన్న తలుపులు కూడా మూసుకున్నాయి. చూడటానికి వచ్చినవాడు కూర్చుంటే చూడాల్సింది పారిపోతుందని మా శిక్షణలో చెప్పారు. ఇంత వేగంగా అని చెప్పలేదు. ఎండకు తాళలేక లేచి, నాలుగు పోట్లు కొట్టి ముఖం కడుక్కున్నాను.

"సారూ! చేతులు సూస్కో!"

ఎదురింటి గడపలోంచి ఒక పెద్దామె కేక వేసింది. పేరు రూతమ్మ అని తరువాత తెలిసింది. సాలెపురుగు మీద పడిందేమోనని గబగబా దులుపుకున్నాను.

"దులుపుడు కాదు, ఎర్రగైనయా సూడు!"

"కాలేదవ్వా. రంగు ఎండి ఎన్ని నెలలైందో."

దగ్గరికి వచ్చి నా అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. "నువ్వెవలు? సీఐడీవా?"

"కాదు. నీళ్ళ పనిమీద వచ్చిన."

"మొన్న సర్పంచితోని వస్తివి, ఇయ్యాల దొంగతనంగ వస్తివి. నీళ్ళ పనికి గింత కథ ఎందుకు?"

మా బాపు తరువాత నా ఉద్యోగాన్ని అంత సూటిగా అడిగింది ఆమే. గుర్తింపు కార్డు చూపించాను. ఫొటోనూ నన్నూ పోల్చి చూసి "గిండ్ల జర మంచిగున్నవు" అంది. ఆ తరువాత అసలు సంగతి చెప్పింది.

"పత్తి ఏరుటానికి పోయిన దినాలు. పొద్దుగూకంగ ఎవలో వచ్చి రంగేసి పోయిండ్రట. చాటింపు లేదు, చెప్పుడు లేదు. తెల్లారి మా కొడుకు ఏసోబు నీళ్ళకు పోయిండు. పచ్చి రంగాయె, చేతులకు అంటింది, తువ్వాలకు తూడ్సుకున్నడు. గప్పుడే జీపు వచ్చింది. పక్కూరి బడి గోడ మీద రాతలు రాసిందెవలని తిరుగుతుండ్రాయె. ఈని చేతులు సూసిండ్రు, తోల్కపోయిండ్రు. రంగు నాది కాదంటె ఎవలింటరు?"

ఆ రోజుల్లో మా జిల్లాల్లో గోడ మీది ఎర్రరంగుకు ఒకటే అర్థం. అడవిలో ఉండేవాళ్ళు రాయించేవారు, జీపులో వచ్చేవాళ్ళు చెరిపించేవారు, మధ్యలో గోడ ఊరివాళ్ళది. ఏసోబును కొన్నాళ్ళకు వదిలిపెట్టారు. ఆనాటి నుంచి వాడలో ఎవరూ ఆ బోరింగును ముట్టలేదు. అక్షరాలు రాయాల్సినవాళ్ళు తరువాత రానేలేదు. జనానికి ఎరుక కలిగించి రమ్మని పంపితే మావాళ్ళు ఎరుపు మాత్రం కలిగించి వచ్చారు.

"మరి ఈ నీళ్ళు తాగితే ఏమైతదో ఎరుకేనా?" అని అడిగాను.

"నీళ్ళకేమైంది సారూ? సల్లగ, తియ్యగుంటుండె. అయ్యేదేమన్న ఉంటె ముట్టినోళ్ళకు అయితది గని నీళ్ళకేమైతది?"

మూడు మెట్ల ప్రశ్నల్లో పై మెట్టు నిండా ఉంది, కింది రెండూ లేవు. భయం చల్లారిన రోజున వీళ్ళంతా తిరిగి ఈ తియ్యటి నీళ్ళకే వస్తారు. ఫ్లోరైడు సంగతి చెప్పాను. ఆమె నన్ను పరీక్షగా చూసింది.

"ఇన్నేండ్లు మంచిగున్న నీళ్ళు రంగేస్తె కరాబైనయా?"

"రంగుతోని కాదు. కరాబని తెలిసే రంగేసిన్రు."

"తెలిస్తె చెప్పాలె గని రంగేసుడేంది?"

ఈ ప్రశ్నను తరువాత మా ఆఫీసులో చాలామందిని అడిగాను. టీ తాగి వెళ్ళిపోయారు.

ఆమె పళ్ళు తెల్లగా ఉన్నాయి. పుట్టిల్లెక్కడని అడిగితే చెన్నూరు, గోదారి నీళ్ళు తాగి పెరిగానంది. మరి వాడలో పిల్లల పళ్ళో అని అడిగాను. ఆమె వాకిట్లో ఆడుతున్న మనవరాలిని పిలిచి, నోరు తెరిపించి చూసింది. బోరింగు పడ్డాక పుట్టిన పిల్లలందరికీ అదే గార.

"పండ్లు తోమరని ఈ పోరగాండ్లను ఎన్ని దెబ్బలు కొట్టిన, సారూ!" అంది. తరువాత మళ్ళీ అనుమానం. "గని నువ్వు చెప్పేది నిజమని నాకేం నమ్మకం? సరే, నిజమే అనుకో. మంచి నీళ్ళేడియి? సర్పంచి బాయికి పోతె వద్దనడు. గని రేపు మా చేన్లకు కూలికి రా అని ఆయనంటె ఇంకో దిక్కు పోయేటట్టు లేదు. ఏసోబు పెండ్లానికి నెలలు నిండినయి. బిందె నెత్తిన వెట్టుకొని గట్ల మీద నడుస్తంది. గా పిల్ల పడితె ఎవలు జవాబు?"

సర్పంచికి నూటికి నూరు ఎందుకంత ఇష్టమో అప్పుడు అర్థమైంది. నేను 'అవును' అని రాస్తే ఆ గట్టు మీద నడక ఖాయమవుతుంది.

రోడ్డు మీది హోటల్లో చాయ్ తాగుతుండగా ఒక ఏఎస్సై వచ్చి ఎదుట కూర్చున్నాడు. "మిషన్ వాడల రంగు గురించి పూఛ్‌తాఛ్ చేస్తున్నరట?" అన్నాడు. కార్డు మళ్ళీ బయటికి తీశాను. ఆ రంగు వేసింది ప్రభుత్వమేనని చెబితే ఆయన అసలు నమ్మలేదు. "సర్కారు ఎర్రరంగు ఎందుకేస్తది సార్? దునియాల ఇంక రంగులే లేవా?" సమాచార పథకం గురించి ఠాణాకు సమాచారం లేదు. అదే మాట రాసిచ్చిన తరువాత కూడా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

మా డిప్యూటీ డైరెక్టరుకు నా ముసాయిదా నచ్చలేదు.

"మానేశారా, లేదా?"

"మానేశారు సార్."

"మరింకేం?"

"మనవల్ల కాదు సార్."

"మనవల్ల కాదని మనమే రాసుకుంటామా?" అని నన్నే అనుమానంగా చూశారు. సర్పంచికీ నాకూ ఏదైనా తగాదా ఉందా అని కూడా అడిగారు. నేను ఎండిన కాలువ సంగతి చెప్పాను. కడుక్కోవచ్చన్న నీళ్ళతో కూడా కడుక్కోవడం లేదంటే వాళ్ళు మన మాట విన్నట్టు కాదు, అసలు మన మాట వాళ్ళకు చేరనట్టు. ఆయన పెన్ను మూత తీసి నా ముసాయిదాను ముందుకు లాక్కున్నారు. నేను ఆయన్ని కాగితం మనిషి అనుకునేవాణ్ణి. నిజమే, కాగితం ఏ గాలికి కదులుతుందో ఆయనకు బాగా తెలుసు.

"ఫ్లోరైడని రాస్తే పైన ఎవరూ చదవరు. ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాం. మొదటి పేరాలో శాంతిభద్రతలని రాయండి. ఎర్రరంగు వల్ల అపార్థాలు, పోలీసు చర్య, ప్రజల్లో ఆందోళన. అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. అలాగే రాశాను. మార్పు వచ్చింది, సమాచారం వల్ల కాదు, నిలవదు, బోరు అవసరం అన్నవి రెండో పేరాలోకి వెళ్ళాయి.

నీటి పరీక్ష ఫలితాలకు కదలని ఫైలు ఆ ఒక్క మాటకు లేచి నడిచింది. వానలు పడేలోపే బోరు యంత్రం చర్చి పక్కన దిగింది, ఆ నీళ్ళు పరీక్షలో నెగ్గాయి. పాత బోరింగుకు ఎరుపు గీకించి, అక్షరాలు రాయించారు. పై ఆఫీసు రెండో పేరా చదివిందో లేదో నాకు తెలియదు. వచ్చిన ఉత్తర్వులో ఫ్లోరైడు మాట లేదు.

మరుసటి ఏడు పునఃపరిశీలనకు వెళ్ళాను. ఏసోబు బిడ్డను ఎత్తుకుని చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. పాత బోరింగు గద్దె తడిగా ఉంది, ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. నా లెక్కలో ఆ తడే మంచి గుర్తు. అయినా తడి గద్దెను చూసి తాగడం లేదని చెప్పలేం. రూతమ్మను అడిగాను.

"తాగుతలేమంటె నమ్ముతవా?"

"నమ్మను."

"మరెందుకడుగుతవ్?" అని గిన్నె బోర్లించింది.

'తాగడం లేదంటున్నారు' అని రాసుకున్నాను. 'తాగడం లేదు' అని రాయలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నా ఇన్వెస్టిగేటర్లకు ఒక పద్ధతి నేర్పాను. మార్పు తక్కువగా ఉంటే ఎందుకని ఎవరైనా అడుగుతారు. చెప్పినదానికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు కూడా అడగాలి. అక్కడ పని చేస్తున్నది మన సమాచారం కాదు, ఎవరిదో భయం. భయం తెచ్చిన మార్పు భయంతోపాటే పోతుంది కాబట్టి, దాన్ని మన ఖాతాలో వేసుకోకూడదు. మార్చుకున్నది వాడ అయినా అంతే, శాంతిభద్రతల మాటకు కదిలిన ఆఫీసు అయినా అంతే.