దీదీకి చెప్పిన మాట

నా మొగుడు రోజూ పొద్దున్నే తల దువ్వుకుని వెళ్లి ఇంకో ఆడమనిషి ముందు నోరు తెరిచేవాడు. నవ్వకండి. పూరీ గేట్ దగ్గర మత్తు మాన్పించే కేంద్రంలో పద్ధతే అది. రైల్వే వర్క్‌షాప్ డ్యూటీకి వెళ్లేముందు, అందరూ దీదీ అని పిలిచే నర్సు ఇచ్చిన మాత్రను అక్కడే నాలుక కింద పెట్టుకోవాలి. అది కరిగేదాకా మాట్లాడకూడదు. కరిగాక నోరు తెరిచి, నాలుకెత్తి ఆవిడకు చూపించాలి. బ్రౌన్ షుగర్ అనే ఆ మత్తుమందు మాన్పించింది ఆ మాత్రే, కాదనను.

కానీ ఇంటికొచ్చి అటు తిరిగి పడుకునేవాడు. మత్తులో ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి రాలేదంటే సరిపెట్టుకున్నాను. మత్తు వదిలాక కూడా రాకపోతే ఏమనుకోవాలి? నా అనుమానమంతా దీదీ మీదికే పోయింది. గోల్‌బజార్ వెళ్లి ఆవిడ కట్టేలాంటి నూలు చీర కొన్నాను. కట్టుకుంటే చూసి, బాగుందని చెప్పి, అన్నం పెట్టమన్నాడు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు వెనకే వెళ్లి దీదీని నిలదీశాను. ఆవిడ చెప్పమంటావా అన్నట్టు ఆయన వైపు చూసింది. నోట్లో మాత్రతో ఆయన తలూపాడు. అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హిందీలో చెప్పింది. ఏళ్ల తరబడి ఆ మత్తు వాడిన మగవాళ్లకు కోరిక తగ్గడం మామూలేనట. ఈ మాత్రతో కూడా కొందరికి అలా ఉంటుందట. ఆయన ఆ బాధ ఎప్పుడో చెప్పుకున్నాడట, డాక్టరు రక్తపరీక్ష రాశాడట, దానికి వైద్యం ఉందట. సిగ్గుపడి మాత్ర మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుందట.

అనుమానం పోయింది. అసూయ రెట్టింపయింది. నా పక్కలో చెప్పాల్సిన మాట ఆవిడ బల్ల ముందు చెప్పుకున్నాడు!

దసరా పూజ సెలవులకు కేంద్రం మూస్తారని మాత్రలు ఇంటికిచ్చారు. ఆయన మంచం మీద కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకున్నాడు. ఇక లేవడు, మాట్లాడడు. ఎదురుగా కూర్చున్నాను.

"దీదీకి సెప్పినారు. నాకెందుకు సెప్పనేదు? సెప్తే నాను ఒగ్గేసి పోతాననుకున్నారేటి?"

తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మాత్ర కరిగింది. అలవాటు కొద్దీ నోరు తెరిచి, నాలుకెత్తి నాకు చూపించాడు. అన్నాళ్లూ దీదీ ఒక్కతే చూసింది. వెంటనే మూసుకోబోతే గడ్డం పట్టుకున్నాను.

"ఉండండి. నానింకా సూడనేదు."